శివారు దాకా చేరితేనే నీరు



ఈ సంవత్సరం సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. ముప్పై ఏళ్లుగా బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని కాబట్టి నాకు చేతనైన పని అదే. ఈ పాఠానికి ఒక మాట ఎంచుకున్నాను. ఆ మాట శివారు.

కాలువ కింద సాగు చేసేవారికి ఈ మాట విడమరచి చెప్పక్కరలేదు. పట్నంలో పెరిగిన మన పిల్లల కోసం చెబుతాను. పెద్ద కాలువకు తూము ఉంటుంది. తూము నుంచి బోదె బయలుదేరుతుంది. బోదె వెంట ఒకదాని తరవాత ఒకటిగా చేలు ఉంటాయి. మొదట్లో ఉన్నవి ఎగువ చేలు, చిట్టచివర ఉన్నవి శివారు చేలు. కాలువకు నీరు వదిలారా లేదా అన్నది తూము దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఊరంతా అన్నం తింటుందా లేదా అన్నది మాత్రం శివారుకు నడిచి వెళితేనే తెలుస్తుంది. నీటి సంగతీ, తిండి సంగతీ, మనం చేసే దానం సంగతీ కూడా ఇంతే.

నీరు ఉన్నచోటే ఇల్లు, ఊరు

మక్కా నగరం ఎలా పుట్టిందో మనందరికీ తెలుసు. నీడలేని లోయలో పసిబిడ్డ ఇస్మాయీల్ (అలై) దాహంతో ఏడుస్తుంటే తల్లి హాజిరా (అలై) సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. అల్లాహ్ జమ్‌జమ్ ఊటను ప్రసాదించాడు. తరవాతి భాగం మనం పిల్లలకు తక్కువగా చెబుతాం. నీటి జాడ చూసి జుర్హుమ్ తెగవారు అక్కడికి వచ్చి, ఇక్కడ నివసించవచ్చా అని ఆ తల్లిని అడిగారు. ఆమె ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. ఉండవచ్చు, తాగవచ్చు, నీటి మీద యాజమాన్యం మాత్రం మీకు ఉండదు అంది. వాళ్లు సరేనన్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ సంఘటనలో ఒక ఊరి పునాది మొత్తం ఉంది. నీరు దొరికింది, కుటుంబం నిలిచింది, పొరుగువారు వచ్చారు, నీటిని ఎలా పంచుకోవాలో ఒప్పందం కుదిరింది. ఆ తరవాతే ఊరు.

మన గోదావరి సీమ కథ కూడా దీనికి దూరం కాదు. ఇంత నది పక్కనే పారుతున్నా రెండు వందల ఏళ్ల క్రితం ఇక్కడివారు ఆకలితో అలమటించారు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది, గోదావరి మండలాన్నీ పీడించింది. 1839లో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. నది నిండా నీరున్నా చేలోకి తెచ్చే దారి లేదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ పని 1970లో మొదలుపెట్టి 1982కల్లా ముగించారు. 175 గేట్లున్న ఆ బ్యారేజీ నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు, అంటే సుమారు పది లక్షల ఎకరాలకు నీరు వెళుతోంది.

ఆ తూర్పు డెల్టా కాలువల్లో ఒకటి మన సామర్లకోట మీదుగా కాకినాడ వైపు సాగుతుంది. మన రైసు మిల్లులు, వ్యవసాయ పరిశోధన కేంద్రం, జంక్షన్‌లో బస్తాలు ఎక్కించే హమాలీల కూలి, ఆ హమాలీలకు టీ అమ్మే మన కుర్రాళ్ల సంపాదన, వీటన్నిటి వెనక ఆ నీరే ఉంది. పొలం లేదు కదా, మనకేం సంబంధం అని అనుకోవడానికి లేదు. ఊళ్లో పంట లేని ఏడాది దర్జీ మిషను కూడా ఖాళీగానే ఉంటుంది.

మా అబ్బా కౌలు చేసిన రెండెకరాలు

నాకు పదేళ్లప్పుడు మేము ఒక కాలువ చివరి గ్రామంలో ఉండేవాళ్లం. మా అబ్బా రెండెకరాలు కౌలుకు చేసేవారు. అది శివారు చేను. సార్వాకు ఇబ్బంది లేదు. వాన కూడా తోడవుతుంది. దాళ్వాకే కష్టం. గోదావరిలో నీరు తగ్గుతుంది, వంతులవారీగా వదులుతారు. మా వంతు వచ్చిన రోజున తూము తెరిచినా నీరు మా దాకా వచ్చేది కాదు. ఎగువన ఒక్కొక్క చేను గట్టు అంచుదాకా నింపుకునేవారు. మళ్లీ ఎప్పుడు వస్తుందో అన్న భయంతో అవసరానికి మించి పెట్టుకునేవారు. వారిని దుర్మార్గులని నేను అనను. భయపడిన రైతులు, అంతే.

ఆ ఏడాది పైరు పాలుపోసుకునే దశలో చేను నెర్రెలిచ్చింది. ఒక రాత్రి అబ్బా లాంతరు పట్టుకుని ఎగువ రైతు దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆయన గట్టు మీదే పడుకుని ఉన్నాడు.

"ఏం సాయిబుగారూ, ఈ వేళప్పుడు వచ్చారేంటండీ?" అన్నాడు.

"మీ చేలో నీళ్లు మోకాలి కింద దాకా ఉన్నాయండీ. మా చేలో మట్టి పగిలిపోయింది. ఒక్క రాత్రి వదలండి బాబూ," అన్నారు అబ్బా.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత లేచి పార అందుకుని గట్టుకు గండి కొట్టాడు. "రేపు నాకు అందకపోతే మీదే పూచీ" అని నవ్వాడు కూడా. ఆ నీరు తెల్లవారేసరికి మా చేలోకి వచ్చింది. కానీ సగం చేను అప్పటికే తాలు పోయింది. పండింది పండినట్టు కౌలు కట్టడానికే చాలలేదు. మరుసటి ఏడాది అబ్బా సాగు మానేసి సామర్లకోట వచ్చి మిల్లులో కూలికి చేరారు. నేను చదువుకుని టీచరునయ్యానంటే దానికి ఈ ఊరు రావడం ఒక కారణం. అల్‌హమ్దులిల్లాహ్. అయినా నీరు వారం ముందే వచ్చి ఉంటే అబ్బా రైతుగానే ఉండేవారు కదా అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

చీలమండ దాకా

పెద్దయ్యాక హదీసు గ్రంథాలు చదువుతుంటే మా చేను గట్టు మీద జరిగిన తగాదాకు తీర్పు దొరికింది. మదీనాలో మహ్‌జూర్ అనే వాగు ఉండేది. వాన నీరు ఆ వాగులో వచ్చినప్పుడు ఎగువ తోటలవారికీ దిగువవారికీ పేచీ. ప్రవక్త ముహమ్మద్ (స) చేసిన నిర్ణయం ఇది. ఎగువవాడు ముందు పెట్టుకోవచ్చు, అది అతని వరస. అయితే చేలో నీరు చీలమండ దాకా రాగానే దిగువవాడికి వదిలేయాలి.

ఈ తీర్పులో రెండు సంగతులు గమనించండి. ఎగువవాడి హక్కును కాదనలేదు. దానికి హద్దు మాత్రం పెట్టారు. ఆ హద్దు కూడా అధికారి వచ్చి కొలవక్కరలేనిది. చదువురాని రైతు తన కాలితో తానే కొలుచుకోగలడు. నేటి వ్యవసాయ శాస్త్రవేత్తలు వరికి పిలక వేసే దశలో 2, 3 సెంటీమీటర్లు, చిరుపొట్ట దశ నుంచి 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే చాలంటున్నారు. అది చీలమండ కంటే కిందే. అంతకు మించి నిలబెట్టిన నీరు ఎగువవాడి పంటను పెంచదు, శివారువాడి పంటను మాత్రం ఎండబెడుతుంది.

ఇలాంటి పంపకం ఒక్క మదీనాతో ఆగిపోలేదు. స్పెయిన్ దేశంలోని వాలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి తలుపు ముందు నీటి పంచాయతీ కూర్చుంటుంది. రైతులు తమలోంచి ఎన్నుకున్న పెద్దలు తగాదాలు విని అక్కడికక్కడే నోటిమాటగా తీర్పు చెబుతారు. ఈ ఏర్పాటు మూలాలు ఆ ప్రాంతంలో ముస్లిముల పాలన ఉన్న కాలంనాటివని చెబుతారు. అక్కడ పంట కాలువకు వాడే అసేకియా అన్న మాట అరబీ సాకియా నుంచి వచ్చిందే. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ సంపదగా గుర్తించింది. పాలకులు మారారు, మతం మారింది, భాష మారింది. నీటిని న్యాయంగా పంచుకునే పద్ధతి మాత్రం నిలిచింది.

మన నోట్లోని మాటలు

తరగతిలో నేను పిల్లలకు ఒక ఆట పెడతాను. పొలానికి సంబంధించిన తెలుగు మాటలు చెప్పమంటాను. వాళ్లు చెప్పినవాటిలో ఏవి అరబీ, ఫారసీల నుంచి వచ్చాయో బోర్డు మీద రాస్తాను. ఖరీఫ్, రబీ, జమాబందీ, ఫసలీ, కాలువ తూములు చూసే లస్కరు. పిల్లలు ఆశ్చర్యపోతారు. వాటిలో మూడు మాటలు ఈ పాఠానికి ముఖ్యం.

మొదటిది రైతు. దీని మూలం అరబీలోని రఇయ్యత్. ఒకరి కాపలాలో, బాధ్యతలో ఉన్నవారని అర్థం. మనలో ప్రతి ఒక్కరూ ఒక కాపరి అనీ, తన కాపుదలలో ఉన్నవారి గురించి జవాబు చెప్పుకోవాలనీ ప్రవక్త (స) బోధించిన హదీసులో ఉన్నది ఈ మాటే. రెండోది కౌలు. దీని మూలం ఖౌల్, అంటే మాట. కౌలు అంటే కాగితానికి ముందు ఇచ్చిన మాట. మూడోది హక్కు. అరబీలో హఖ్. పంట కోసిన రోజునే దాని హఖ్‌ను ఇచ్చివేయాలని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తుంది. పంటలో పేదవాడి భాగానికి వాడిన మాట అది. దయ అనో, బిచ్చం అనో అనలేదు.

ఉష్ర్: నీటిని బట్టి లెక్క

జకాత్ గురించి మన దాతలకు బాగా తెలుసు. ఏటా రమజాన్‌లో లెక్క కట్టి ఇస్తారు. పంటపై ఇచ్చే ఉష్ర్ సంగతి మాత్రం మన పట్నాల్లో దాదాపు మరుగున పడింది. ఉష్ర్ అంటే పదో వంతు. దీనికి ఏడాది నిండే దాకా ఆగనక్కరలేదు. పంట చేతికొచ్చిన రోజే ఇవ్వాలి.

ఇందులో గొప్ప విషయం, ఎంత ఇవ్వాలన్నది నీరు ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి మారుతుంది. వానతోనో, సహజంగా పారే ఊటతోనో పండితే పదో వంతు. తోడి పోసి, శ్రమో ఖర్చో పెట్టి తడిపితే ఇరవయ్యో వంతు. నీటి తీరువా కట్టి వాడుకునే కాలువ నీటిని చాలామంది ఉలమాలు రెండో రకంలోనే లెక్కిస్తారు.

మన ఊరు డెల్టాకు చివర, మెట్టకు మొదట ఉంది. సామర్లకోట వైపు కాలువ చేలు, పెద్దాపురం దాటితే వాన మీద ఆధారపడిన మెట్ట చేలు. కాబట్టి రెండు లెక్కలూ ఇక్కడే చేసి చూడవచ్చు. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయనుకుందాం. అంటే 2,250 కిలోల ధాన్యం. కాలువ నీటితో అయితే ఇరవయ్యో వంతు 112.5 కిలోలు, అంటే బస్తాన్నర. మర ఆడిస్తే సుమారు 75 కిలోల బియ్యం వస్తుంది. రోజుకు కిలోన్నర వండుకునే కుటుంబానికి అది 50 రోజుల తిండి. ఒక్క ఎకరం, ఒక్క పంట. ఇదే పంట వానతోనే పండి ఉంటే మూడు బస్తాలు.

ఎంత పండితే ఉష్ర్ వర్తిస్తుందన్నదానిపై ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పంట ఎంతైనా ఇవ్వాలన్నారు. ఎక్కువమంది పండితులు ఐదు వసఖ్‌లు, అంటే సుమారు 650 కిలోలు దాటితే ఇవ్వాలన్నారు. మన దేశంలోని భూముల విషయంలోనూ, కౌలు భూమిలో యజమాని ఇవ్వాలా సాగుచేసినవాడు ఇవ్వాలా అన్న విషయంలోనూ చర్చ ఉంది. నేను టీచరును, ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. పొలం ఉండి కౌలుకు ఇచ్చిన దాతలు తమ మసీదు ఇమామ్ సాహెబ్‌ను గానీ, ముఫ్తీ సాహెబ్‌ను గానీ ఈ సంవత్సరం తప్పక అడగాలని మాత్రం కోరుతున్నాను. అడగకపోవడం వల్లనే ఒక హక్కు మూలపడి ఉంది.

వంటింటి శివారు

నీరు చేరవలసిన చివరి చోటు చేను కాదు, కంచం. ఒక కిలో ధాన్యం పండడానికి సగటున 2,500 లీటర్ల నీరు పడుతుందని వరి పరిశోధకుల అంచనా. బియ్యం లెక్కన చూస్తే కిలోకు మూడున్నర వేల లీటర్లకు పైమాటే. వలీమాలో పది కిలోల బియ్యపు బిర్యానీ విస్తళ్లలో వదిలేసి పారబోస్తే 35 వేల లీటర్లు పారబోసినట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. నడి వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లో, ట్యాంకరు కోసం బిందెలతో వరసలో నిలబడే మన అక్కచెల్లెళ్లను ఒకసారి తలుచుకోండి.

వుజూ సంగతీ అంతే. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే ముప్పాతిక లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారు. ఒకసారి మా తరగతి పిల్లలు ఇంట్లో కుళాయి కింద బకెట్టు పెట్టి వుజూ చేసి కొలుచుకొచ్చారు. చాలామందికి ఐదారు లీటర్లు వచ్చింది. వాళ్లకు నేను ఏమీ చెప్పనక్కరలేకపోయింది. మరుసటి వారం ఒక పిల్లవాడు చెంబుతో చేసి, చెంబు నిండా కూడా అవసరం లేదు టీచర్ అన్నాడు.

మా అమ్మీ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. కౌలు పోయి, మిల్లు కూలి మీద బతికిన రోజుల్లో కూడా మానలేదు. నెలాఖరుకు ఆ డబ్బా ఎవరింటికి వెళ్లేదో మాకు చెప్పేది కాదు. పిడికెడు తగ్గితే మనకు తెలియదు, డబ్బా నిండితే వాళ్లకు తెలుస్తుంది అనేది.

మన సొసైటీకి శివారు ఎక్కడ?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక రమజాన్ పంపిణీ కమిటీలో పేర్ల జాబితా రాసే పని నాకు అప్పగించారు. జాగ్రత్తగా రాశాననుకున్నాను. పంపిణీ అయిపోయాక మా బడిలో ఒక అమ్మాయి మధ్యాహ్న భోజనంలో సగం డబ్బాలో పెట్టుకోవడం చూశాను. ఎందుకమ్మా అంటే తమ్ముడికి అంది. మరునాడు వాళ్లింటికి వెళ్లాను. ఊరి చివర కాలువ గట్టు దగ్గర అద్దె గది. తండ్రి మంచాన పడ్డాడు, తల్లి ఇళ్లలో పనికి పోతుంది. మా వాళ్లే, మా మసీదు అజాన్ వినిపించే దూరమే. జాబితాలో వాళ్ల పేరు లేదు.

ఇంటికొచ్చి ఆ జాబితా మళ్లీ చూశాను. పేర్లన్నీ మసీదు చుట్టూ ఉన్న మూడు వీధులవే. వచ్చి అడిగినవారి పేర్లు, ఎవరో ఒకరు సిఫారసు చేసినవారి పేర్లు. అడగడానికి సిగ్గుపడినవారు, పనికి పోయి ఆ సాయంత్రం రాలేనివారు, ఊరికి కొత్తగా వచ్చినవారు ఒక్కరూ లేరు. తూము దగ్గర నిలబడి నీరు బాగా వస్తోందని సంతోషపడ్డ మనిషిని నేనే. అబ్బా చేను గట్టు మీద నేర్చుకున్న పాఠం నాకే గుర్తులేదు.

మదీనాలో తాగునీటికి కటకటగా ఉన్నప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలేశారు. ఎవరు వస్తే వారికి నీరు. మన గోదావరి జిల్లాలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ ఎవరు వచ్చినా కులం, మతం అడగకుండా అన్నం పెట్టారు. నేడు బడుల్లో మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరుతోనే నడుస్తోంది. వాళ్ల గుమ్మం తెరిచి ఉంది కాబట్టి దూరం నుంచి వచ్చినవారికీ అందింది. రాలేనివారి దగ్గరికి మనమే వెళ్లాలి.

అందుకే దాతలకు నా విన్నపం చిన్నది. ఇచ్చే మొత్తం పెంచమని నేను ముందుగా అడగడం లేదు. ఇచ్చినది ఎక్కడిదాకా వెళ్లిందో అడగండి. ఈసారి జాబితాను మసీదు నుంచి కాకుండా ఊరి చివరి ఇళ్ల నుంచి మొదలుపెట్టి రాయమనండి. పొలం ఉన్నవారు ఉష్ర్ ధాన్యాన్ని పంట నూర్చిన వారంలోనే సొసైటీకి చేర్చండి. ఎగువన చేను ఉన్నవారు చీలమండ హద్దును గుర్తుంచుకుని శివారు రైతుకు, అతను ఏ మతంవాడైనా సరే, నీరు వదలండి. ఇంట్లో పిడికెడు బియ్యం డబ్బా ఒకటి పెట్టండి. అది పిల్లల చేతే వేయించండి.

మననం కోసం ప్రశ్నలు

ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు పిల్లలతో కలిసి మాట్లాడుకోండి.

1. హాజిరా (అలై) జుర్హుమ్ తెగవారికి నీటి విషయంలో ఏ షరతు పెట్టారు? ఎందుకు పెట్టి ఉంటారు?
2. మహ్‌జూర్ వాగు తీర్పులో ఎగువవాడికి దక్కినదేమిటి, దిగువవాడికి దక్కినదేమిటి?
3. రెండెకరాల కాలువ చేలో ఎకరానికి 28 బస్తాలు పండితే ఇరవయ్యో వంతు ఎంత? అది మీ కుటుంబానికి ఎన్ని రోజుల తిండి?
4. మన ఇంట్లో నిన్న ఎంత అన్నం పారేశాం?
5. మన వీధికి శివారు ఏది? అక్కడ ఎవరుంటారు? వారి పేర్లు మనకు తెలుసా?

చివరి ప్రశ్నకు జవాబు తెలియకపోతే సిగ్గుపడనక్కరలేదు. నాకూ తెలియదు అప్పట్లో. ఒక సాయంత్రం నడిచి వెళితే తెలుస్తుంది.

అల్లాహ్ మన చేలకు, మన ఇళ్లకు బర్కత్ ప్రసాదించుగాక. మన చేతుల మీదుగా వెళ్లే ప్రతి గింజను, ప్రతి చుక్కను దాని హక్కుదారు దాకా చేర్చే భాగ్యాన్ని మనకు ఇచ్చుగాక. ఆమీన్.